సున్నపుబట్టీ మలుపు

మా దీవిలో కార్లు అద్దెకిచ్చే కొట్లు మూడున్నాయి. రెండు రేవు మీదే, అద్దాల తలుపులూ ఏసీలూ పెట్టుకుని కూర్చున్నాయి. మూడోది మాది. ఏసీ మాట దేవుడెరుగు, మా తలుపు గట్టిగా లాగితే గానీ పడదు. అయినా మా ఆయన స్తమాతిస్ బతికున్నన్నాళ్ళూ ఓడ దిగినవాళ్ళు ఆ రెండు కొట్లూ దాటుకుని మా దగ్గరికే వచ్చేవాళ్ళు. బండి తాళం ఇచ్చేముందు ఆయన గుప్పెడు ఎండు అత్తిపళ్ళూ, బుల్లి గ్లాసుడు రాకీ చేతిలో పెట్టేవాడు.

"సారా పట్టించి మరీ బండెక్కిస్తావేమయ్యా, వాళ్ళని సాగనంపడానికా?" అని నేను నెత్తి కొట్టుకునేదాన్ని.

"మన రోడ్డు చూస్తే దెబ్బకి దిగిపోతుందిలే," అనేవాడు.

అదీ నిజమే. ఊరు దాటి సున్నపుబట్టీ దగ్గర మలుపు తిరిగితే ఇక మా రోడ్డుకి ఒక పక్క కొండ, రెండో పక్క గాలి. ఆ గాలి కింద ఎక్కడో సముద్రం. అలా కొండ నడుము చుట్టూ తిరిగి తిరిగి, దీవి ఆ చివర థెక్లా మాత గుడి దగ్గర ఆగుతుంది. కొత్తవాళ్ళు అక్కడిదాకా వెళ్ళి, గుడి మెట్ల మీద కూలబడి, మళ్ళీ ఇదే దారిన తిరిగి వెళ్ళాలా అని ఏడుపు మొహం పెడతారు.

మా ఆయన గురించి చెప్పాలంటే ముందు మీసం గురించి చెప్పాలి. గుబురుగా, నల్లగా, రెండు కొసలూ పైకి తిరిగి ఉండేది. పెళ్ళయిన కొత్తలో నేను ఆ మీసం చూసే మురిసిపోయాను. తరవాత ఆ మీసమే నా కొంప ముంచింది.

జరిగిందేమిటంటే, కొట్టు పెట్టిన కొత్తలో ఒకరోజు నేను, "నాకూ బండి నేర్పించు. నువ్వు రేవు దగ్గరుంటే నేను బండ్లు తెచ్చి ఇస్తాను," అన్నాను. తప్పేముంది? కానీ అన్నది ఎక్కడ? మా కొట్టు పక్కనే ఉన్న కాఫీ కొట్టు ముందు. అక్కడ మా బావగారు జాన్నిస్ చేతిలో పూసలదండ తిప్పుకుంటూ కూర్చున్నాడు. మా ఆయనకి అన్నగారు. ఆయనకి నోరు కాదు, అది ఊరి డప్పు.

"తమ్ముడూ, పెళ్ళాం స్టీరింగు పట్టుకుంటే మరి నువ్వు గరిటె పట్టుకుంటావా?" అన్నాడు.

కాఫీ కొట్టంతా గొల్లుమంది. మా ఆయన మొహం కందగడ్డయింది. లేచి నిలబడి, మీసం మీద చెయ్యేసి, "నా పెళ్ళాం మరూసో ఈ ఊళ్ళో బండి నడిపిన రోజున ఈ మీసం గొరిగించుకుంటా!" అనేశాడు.

అంతే. ఆ కథ అక్కడితో సరి. మా దగ్గర మీసం మీద ఒట్టంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మా అత్తగారి తమ్ముడెవరో ఎప్పుడో పందెంలో మీసం పోగొట్టుకున్నాడట. ఆయన మనవడికి ఇప్పుడు తల నెరిసింది, ఈనాటికీ వాణ్ణి 'బోడిమూతోళ్ళ అబ్బాయి' అనే పిలుస్తారు. అందుకని నేను నోరు మూసుకుని బండ్లు కడిగాను, తుడిచాను, లోపల ఇసక దులిపాను. బండ్ల కొట్టు యజమానురాలిని, బండి నడపడం రాదు. పెరుగమ్ముకునేదానికి మజ్జిగ దొరకనట్టు ఉండేది నా బతుకు.

మా బండ్లన్నిటిలోకీ నాకిష్టమైంది పసుప్పచ్చ జీపు. పైన కప్పులేదు, ఎక్కితే గాలంతా మనదే. ఆ జీపు కోసం ఏటేటా మే నెలలో ఒక జంట వచ్చేది. హాలండు వాళ్ళు. ఆయన పేరు యోస్ట్, తాటిచెట్టంత మనిషి. ఆవిడ తీనెకె, నాకంటే బెత్తెడు పొట్టి. బడిలో పాఠాలు చెప్పేది, అందుకేనేమో ఊరికే కూర్చోలేదు, వస్తూ పోతూ మా భాష కూడా నేర్చేసుకుంది.

వాళ్ళు మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా ఆయన తాళం తెచ్చాడు. తీనెకె చెయ్యి చాచింది. కాఫీ కొట్టులోంచి మా బావగారు ఖళ్ళున దగ్గాడు. నలుగురూ తలలు తిప్పి చూశారు. పాపం యోస్ట్‌కి భాష రాకపోయినా ఆ దగ్గు అర్థమైంది. ఎర్రబడిపోయి తాళం తనే తీసుకుని ఎక్కాడు. ఇద్దరూ మలుపు తిరిగి వెళ్ళిపోయారు.

తరవాతి సంగతి తీనెకె నాకు చాన్నాళ్ళకి చెప్పింది. మా వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తూ చెప్పింది. యోస్ట్‌కి ఎత్తంటే చచ్చేంత భయమట. వాళ్ళ దేశమంతా అరచెయ్యిలా చదును, కుర్చీ ఎక్కి దిగినా ఆయనకి కళ్ళు తిరుగుతాయట. ఆ రోజు సున్నపుబట్టీ మలుపు తిరగ్గానే సముద్రం కింద కనబడేసరికి బ్రేకు తొక్కి, దిగి, జీపు చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడట. తీనెకె నడిపింది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే మలుపు దగ్గర ఆపి మళ్ళీ సీట్లు మారారట. ఊళ్ళోకి వచ్చేసరికి మగమహారాజు స్టీరింగు దగ్గరే ఉన్నాడు.

"ఇన్నేళ్ళూ అంతేనా?" అన్నాను.

"ఇన్నేళ్ళూ అంతే. మీ వాళ్ళ దగ్గు అలాంటిది, మరూసో!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ చిక్కుడుకాయలన్నీ కిందపోసి నవ్వాను.

ఆ మొదటి ఏడే ఇంకోటి జరిగింది. గుడి దగ్గరి దిగుడులో జీపు బ్రేకులు పట్టలేదు. పక్కన లోయ. తీనెకె స్టీరింగు గుడి వైపు తిప్పేసింది. జీపు ముక్కు వెళ్ళి థెక్లా మాత గుడి గోడకి గుద్దుకుని ఆగింది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. వాళ్ళ మతమేమిటో, మొక్కులున్నాయో లేవో నాకు తెలీదు కానీ, తీనెకె మాత్రం మా అమ్మమ్మలు మొక్కుకున్నట్టే మొక్కుకుంది. ఏటేటా ఇదే జీపులో వచ్చి మాత దీపానికి నూనె పోస్తానని. పోసింది కూడా. ఒక్క ఏడు తప్పలేదు.

చిక్కుడుకాయలు ఏరుకుంటుంటే ఆవిడే అంది. "మరూసో, నువ్వు నేర్చుకుంటావా?"

"మా ఆయన మీసం..." అన్నాను.

"మీసం ఆయన మొహాన ఉంది. నీ చేతులు నీ దగ్గరే ఉన్నాయిగా?"

అలా మొదలైంది. మధ్యాహ్నం ఊరంతా నిద్రపోయే వేళ, మా ఆయన గుర్రుపెట్టే వేళ, యోస్ట్ సముద్రం ఒడ్డున టోపీ మొహాన వేసుకుని పడుకునే వేళ, నేను మేకలదారిన సున్నపుబట్టీ వెనక్కి చేరేదాన్ని. తీనెకె జీపుతో వచ్చి ఎక్కించుకునేది. గుడి పైన పాత కళ్ళం ఒకటుంది, ఒకప్పుడు బార్లీ నూర్చిన చోటు. అక్కడ ఎద్దులు తిరిగినట్టే నేనూ జీపుతో గుండ్రంగా తిరిగాను. చాలా రోజులు నాకు ఎడమకి తప్ప తిరగడం రాలేదు. "కుడికి కూడా ఒక ప్రపంచముంది తల్లీ!" అని తీనెకె అరిచేది.

పరీక్షకి పెద్ద దీవికి వెళ్ళాలి. పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి ఓడెక్కాను. మొదటిసారి తప్పాను. మళ్ళీ పళ్ళన్నాను, మళ్ళీ తప్పాను. ఇంకోసారి పళ్ళన్నాను. ఆ రోజు మా ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీ పళ్ళు గాడిద పళ్ళంత గట్టివి కదే, ఈ డాక్టరేం చేస్తున్నట్టు?" అన్నాడు.

"గట్టి పళ్ళకే పోటు ఎక్కువ," అన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టే ఉంది నా జవాబు. కానీ ఆయన మీసం సవరించుకుని ఊరుకున్నాడు. ఆ రోజు లైసెన్సుతో తిరిగొచ్చి, దాన్ని సెయింట్ నికోలస్ బొమ్మ వెనక దాచాను.

ఆ తరవాత ఏడాదికొక్క మధ్యాహ్నం, తీనెకెని పక్కన కూర్చోబెట్టుకుని, కొండ మీద రోడ్డంతా నేనే నడిపేదాన్ని. నా తలగుడ్డ ఎగిరిపోతుంటే ఆవిడ పట్టుకునేది. గుడి గోడకి జీపు గుద్దిన చోట పసుప్పచ్చ మరక ఇప్పటికీ ఉంది. మా పాదిరీ ఈస్టరుకి గోడంతా సున్నం కొట్టిస్తాడు గానీ ఆ మరకని మాత్రం వదిలేస్తాడు. ఆవిడ దాన్ని వేలితో ముట్టుకుని, నూనె పోసి, వెలిగించేది. నేను జీవితంలో సుఖపడ్డ రోజులు ఏరి చూపించమంటే ఆ మధ్యాహ్నాలనే చూపిస్తాను.

ఆ రోజుల్లోనే జీపు డ్రైవరు సీటు ముందుకి జరిగి బిగుసుకుపోయింది. "ఉప్పుగాలికి తుప్పు పట్టింది, రాదు," అన్నాడు మా ఆయన. పొట్టిదాన్ని కాబట్టి నాకూ తీనెకెకీ అది అచ్చంగా సరిపోయింది. యోస్ట్ అవస్థే చూడలేకపోయేవాళ్ళం. మోకాళ్ళు చెవులకి తగిలేలా మిడతలా కూర్చుని ఊళ్ళోంచి బయల్దేరేవాడు. కాఫీ కొట్టుకి అదో పండగ. "సీటు బాగుచేయించరాదూ?" అంటే మా ఆయన, "అది పొట్టివాళ్ళ బండిలే," అనేవాడు. నిజంగానే పొడుగువాళ్ళెవరొచ్చినా వేరే బండి అంటగట్టి పంపేవాడు. మొండి మనిషి, ఒకటనుకుంటే అదే.

రెండు చలికాలాల కిందట ఆయన పోయాడు. కాఫీ కొట్టులో పాచికలాడుతూ, గెలిచే ఆట మధ్యలో గుండె ఆగింది. మీసంతోనే వెళ్ళిపోయాడు. నాకు ఇప్పుడు అడ్డు చెప్పేవాడు ఎవడున్నాడు? ఎవడూ లేడు. అయినా నేను ఊళ్ళో స్టీరింగు ముట్టుకోలేదు. బతికున్నవాడి మాట జవదాటొచ్చు, రేపు బతిమాలుకోవచ్చు. చచ్చినవాడి మాట దాటితే ఎవర్ని బతిమాలుకుంటాం?

పోయిన చలికాలం తీనెకె కూడా పోయింది. యోస్ట్ ఫోన్ చేసి, వచ్చిన నాలుగు మాటల్లో చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసి ఆ రోజు అన్నం తినలేదు.

ఇక ఈ మే నెల సంగతి. ఇప్పుడు వచ్చేవాళ్ళందరికీ ఏసీ కావాలి, ఫోన్‌లో దారి చూపించే తెర కావాలి. కప్పులేని జీపు ఎవరికీ అక్కర్లేదు. ఇసకతీరం హోటలాయన వచ్చి, "అక్కా, ఆ జీపు నాకిచ్చెయ్, గేటు ముందు పెట్టి దాన్నిండా మట్టి పోసి పూలమొక్కలు వేస్తాను, అందరూ ఫొటోలు దిగుతారు," అన్నాడు. జీపుని పూలకుండీ చేస్తాడట! వళ్ళు మండింది. కానీ కొట్టులో ఊరికే తుప్పు పట్టేకంటే నయమేననుకుని సరేనన్నాను. సోమవారం తోలుకుపోతానన్నాడు.

శనివారం ఓడలో యోస్ట్ దిగాడు. ఒక్కడే. మనిషి వంగిపోయాడు, ఆ ఎత్తంతా ఎక్కడికి పోయిందో. చేతిలో చిన్న నూనె సీసా.

"మరూసో గారూ. పసుపు జీపు. తాళం," అన్నాడు.

"ఎక్కడికండీ?" అన్నాను, తెలిసి కూడా.

"థెక్లా మాత. తీనెకె మొక్కు. ఈ ఏడు నేను."

"టాక్సీ పిలవనా? చల్లగా తీసుకెళ్తాడు."

తల అడ్డంగా ఊపాడు. "ఆవిడ చెప్పింది జీపు. టాక్సీ కాదు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఒక్క ఏడు చాలు, తరవాత వద్దు అంది."

నాకు తెలుసు, ఈయన ఆ రోడ్డు మీద ఒక్క మలుపు కూడా నడపలేడని. ఆయనకీ తెలుసు. పక్కనే కాఫీ కొట్టులో మా బావగారు పూసలు తిప్పడం ఆపి మరీ చూస్తున్నాడు. నలుగురిలో ముసలాయనని ఎలా కాదంటాను? ఇన్నేళ్ళు ఆయన కాపాడుకున్న పరువు నేను తియ్యనా? తాళం ఇచ్చాను. మా ఆయన లేకపోయినా అత్తిపళ్ళు కూడా ఇచ్చాను. రాకీ మాత్రం ఇవ్వలేదు.

మోకాళ్ళు ముడుచుకుని ఎక్కాడు. జీపు కీచుమని, ఒక ఎగురు ఎగిరి, బయల్దేరింది.

మా కొట్టు గుమ్మంలోంచి చూస్తే, మలుపు దాటాక కొండ మీద రోడ్డు ముక్క ఒకటి కనబడుతుంది. పసుప్పచ్చ అక్కడికి ఎప్పుడొస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. రాలేదు. పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది. రాలేదు. లోపలికి వెళ్ళాను. ఎందుకో నాకే తెలీదు, సెయింట్ నికోలస్ వెనకనుంచి లైసెన్సు తీసి రవికలో దోపుకున్నాను. మేకలదారిన పరుగులాంటి నడక నడిచాను.

జీపు సున్నపుబట్టీ పక్కన ఆగుంది. ఇంజను ఆపేసి ఉంది. యోస్ట్ పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. సీసా ఒళ్ళో పెట్టుకుని, ముందుకి చూస్తూ. డ్రైవరు సీటు ఖాళీ.

"ఏమైందండీ?"

నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "ఆపాను. దిగాను. చుట్టూ తిరిగి ఇక్కడ కూర్చున్నాను. అలవాటు. తరవాత..." అని ఖాళీ సీటు వైపు చూశాడు. "తరవాత ఆవిడ ఎక్కుతుందని చూస్తున్నాను. చాలాసేపు చూశాను మరూసో గారూ. పిచ్చివాణ్ణి."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది, పుట్టుకతోనే అంతే. "ఇలా ఎండలో కూర్చుంటే మాడిపోతారు. పదండి," అని డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "తీనెకె చెప్పింది. మరూసో నాకంటే బాగా నడుపుతుంది, కుడికి తిరిగేటప్పుడు తప్ప, అని," అన్నాడు.

నడిపాను. ఏడాది తరవాత పట్టుకున్నా చేతులు మరిచిపోలేదు. లోయ పక్కకి వచ్చినప్పుడల్లా యోస్ట్ కళ్ళు గట్టిగా మూసుకుని, నూనె సీసా గుండెకి హత్తుకునేవాడు. "అయిపోయిందా?" "ఇంకా లేదు." "ఇప్పుడో?" "నోరు మూసుకోండి, గేరు మార్చనివ్వండి!" అలా అలా గుడి చేరాం.

నూనె ఆయనే పోశాడు. వత్తి పైకి లాగి వెలిగించాడు. తరవాత బయటికొచ్చి గోడ మీద పసుప్పచ్చ మరక దగ్గర నిలబడ్డాడు. ఆవిడ ముట్టుకున్నట్టే వేలితో ముట్టుకున్నాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, ఎక్కువసేపు అన్నాడు. నేను అటు తిరిగి సముద్రం చూస్తూ నిలబడ్డాను. నాకూ ఒక మాట చెప్పాలనుంది తీనెకెకి. కుడికి తిరగడం వచ్చింది, చూశావా అని. మనసులోనే చెప్పాను.

యోస్ట్ వెంట తెచ్చుకున్న రొట్టె, జున్ను, టమాటాలు తిని తిరుగు దారి పట్టాం. సున్నపుబట్టీ మలుపు రాగానే నా కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్ళింది. ఇక్కణ్ణించి కాఫీ కొట్టు రాజ్యం.

"ఇక నేను నడుపుతాను," అన్నాడు యోస్ట్. "మీ పరువు, మీ ఆయన మాట." దిగి చుట్టూ తిరిగొచ్చాడు. నేనూ దిగాను. ఆయన మూడంకె వేసుకుని ఆ సీట్లో దూరబోతే మోకాలు స్టీరింగుకి ఇరుక్కుంది. వయసు పైబడింది, ముడుచుకోవడం కూడా రావట్లేదు. "ఉండండి, ఈ పాడు సీటు కొంచెం వెనక్కి లాగుతాను," అని వంగి కింది కడ్డీ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. కదల్లేదు. కాలు జీపుకి తన్నిపెట్టి మళ్ళీ గుంజాను.

సున్నపుబట్టీ పక్కనే ఫ్రాంగో మెకానిక్ షెడ్డుంది. వాడు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"వదిలెయ్ అక్కా, వేళ్ళు తెగుతాయి. అది రాదు."

"తుప్పురా. కాస్త నూనె పొయ్యి."

"తుప్పేంటి? నేనే వెల్డింగు చేశాను."

నేను వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. "ఎవడు చెయ్యమన్నాడు?"

వాడు యోస్ట్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఇంక చెప్తే తప్పులేదులే. మా బావ. స్తమాతిస్ బావ. నువ్వు పళ్ళకని ఓడెక్కుతుండేదానివే, ఆ ఏడే. ఒకరోజు జీపు తెచ్చి, 'ఫ్రాంగో, మా ఆవిడ బండి నేర్చుకుంటోందిరా' అన్నాడు. 'హాలండు వాళ్ళు మధ్యాహ్నం జీపు వాడలేదంటారు, కానీ సీటు రోజూ ముందుకి జరిగి ఉంటోంది. ఈ ఆడాళ్ళిద్దరూ పొట్టివాళ్ళే. సీటు వెనక్కి లాగడం మరిచిపోతున్నారు, ఏదో ఒకరోజు మా అన్న కంట్లో పడుతుంది, ఊరంతా టాంటాం. ముందుకే పెట్టి అతికించెయ్. ఎవడైనా అడిగితే తుప్పందాం' అన్నాడు. నాతో ప్రమాణం కూడా చేయించుకున్నాడు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే తనకి తెలిసినట్టవుతుందిగా అక్కా. తెలిస్తే మీసం తియ్యాలి."

నేను ఆ రోడ్డు మీదే కూలబడ్డాను. గుర్రుపెట్టేవాడు అనుకున్నాను, ఆ మధ్యాహ్నాలన్నీ. ఆ గుర్రు కూడా నాటకమేనా? గాడిద పళ్ళంటూ నన్ను ఎగాదిగా చూసి మీసం సవరించుకున్నది నవ్వు దాచుకోవడానికా? యోస్ట్ నా పక్కనే నేల మీద కూర్చుని, ఇంకా మిగిలిన అత్తిపండు ఒకటి నా చేతిలో పెట్టాడు. ఏం చెయ్యాలో తెలీక పెట్టాడు పాపం. నేను దాన్ని నములుతూ భోరున ఏడ్చాను.

ఏడుపు అయ్యాక కోపమొచ్చింది. లేచాను. "ఎక్కండి," అన్నాను యోస్ట్‌తో. "అటుపక్క."

"కానీ ఊళ్ళో..."

"ఊళ్ళోకే!"

హారను మీద చెయ్యి తియ్యకుండా ఊళ్ళోకి దిగాను. కాఫీ కొట్టులో కుర్చీలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. మా బావగారు లేచి నిలబడ్డాడు, పూసలదండ కింద పడింది.

"మరూసో! నీకు మతి గానీ పోయిందా? మా తమ్ముడు మీసం మీద ఒట్టేశాడు!"

నడిబజారులో జీపు ఆపాను. "మీ తమ్ముడికి ఎప్పుడో తెలుసు బావగారూ. తెలిసే ఈ సీటు నా కోసం అతికించాడు. నమ్మకపోతే ఫ్రాంగోని అడగండి."

"తెలుసా? మరి మీసం?"

"మట్టిలోకి వెళ్ళి ఎవరు గొరుగుతారు? అంత పట్టింపుగా ఉంటే మీది గొరుక్కోండి."

కాఫీ కొట్టు గొల్లుమంది. ఈసారి నా పక్షాన. ఆ సందడిలో యోస్ట్ జీపులో లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, "నేను కూడా! ఇన్నేళ్ళు నేను నడపలేదు! మా ఆవిడ నడిపింది!" అని ప్రకటించాడు.

"అది మాకు తెలుసులేవయ్యా," అన్నాడు మా బావగారు, కుర్చీలో కూలబడుతూ. "మలుపు దాకా గేరు ఏడుస్తూ వెళ్ళేది, మలుపు దాటాక పాట పాడుతూ వెళ్ళేది. మాకు చెవుల్లేవా?" తరవాత కళ్ళు తుడుచుకుని, "మా వాడు నాకు కూడా చెప్పలేదు, దొంగ వెధవ," అన్నాడు. మా ఇద్దరికీ కాఫీ తెమ్మని కేకేశాడు.

హోటలాయనకి ఆ సాయంత్రమే కబురు పెట్టాను, పూలు కుండీల్లో వేసుకొమ్మని.

మర్నాడు యోస్ట్‌ని ఓడ దగ్గర దింపి, అట్నుంచే జీపులో శ్మశానానికి వెళ్ళాను. మా ఆయన సమాధి దగ్గర దీపంలో నూనె పోశాను. అద్దం వెనక ఫొటో ఉంది, మీసం కొసలు పైకి తిప్పి ఉన్నది. అద్దం మీద దుమ్ము తలగుడ్డ కొసతో తుడిచాను.

"మీసం ఉంచుకో, ఎవరూ అడగరు," అన్నాను. "కానీ నాతో ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేదయ్యా మొండి మనిషీ? ఆ లైసెన్సుని బొమ్మ వెనక ఎన్నేళ్ళు దాచాను! మలుపు దాటాక ఎవరు చూస్తారు? ఒక్కసారంటే ఒక్కసారి పక్క సీట్లో కూర్చునేవాడివి కదా. నేను నడిపేదాన్ని కదా."

లేచి జీపెక్కాను. సీటు నాకు సరిగ్గా సరిపోయింది.